జపాన్ భోజనం నుంచి మన పిల్లల పళ్లెంలోకి ఏం తెచ్చుకుందాం?



ఈమధ్య మన ఇళ్లలో ఒక కొత్త కోరిక వినిపిస్తోంది. "అమ్మా, రామెన్ తిందామా?" "నాన్నా, ఒకసారి సుషి తినడానికి తీసుకెళ్లవా?" అనిమే చూసే పిల్లలున్న ఇంట్లో ఒనిగిరి, మోచి, తెంపురా లాంటి పేర్లన్నీ మనకంటే ముందు వాళ్లకే తెలుసు. సందేహాలు మాత్రం మనవి. అదంతా పచ్చి చేపేనా? శాకాహారులు ఏం తినాలి? పిల్లల ఒంటికి పడుతుందా? అంత డబ్బు పెట్టి తినాల్సిన విషయం అందులో ఏముంది?

ఉద్యోగం రీత్యా మా కుటుంబం నాలుగేళ్లు టోక్యోలో ఉంది. ఎడొగావా వార్డులో నిషి-కసై అనే పేట మాది. 2000 సంవత్సరానికి ముందు వై2కే పనుల మీద వెళ్లిన మన ఐటీ వాళ్లు ఆ చుట్టుపక్కల ఇళ్లు తీసుకోవడంతో అది భారతీయుల పేటగా పేరుపడింది. మా పాప అక్కడి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో రెండో తరగతి నుంచి ఐదో తరగతి వరకు చదివింది. నాకూ పాపకూ చేప, కోడి అలవాటే. మా ఆవిడ మాత్రం పూర్తి శాకాహారి. అందువల్ల జపాన్ భోజనాన్ని రెండు వైపుల నుంచీ చూసే అవకాశం మాకు దొరికింది. హైదరాబాద్ తిరిగొచ్చాక కూడా వాటిలో కొన్ని మా వంటింట్లో నిలిచిపోయాయి. మీకు ఉపయోగపడతాయనుకున్నవి ఇక్కడ రాస్తున్నాను.

జపాన్ ఇంటి భోజనం అంటే సుషి కాదు

మనం రోజూ బిర్యానీ తిననట్టే, వాళ్లు రోజూ సుషి తినరు. ఇంట్లో రోజువారీ భోజనానికి వాళ్లకొక పాత లెక్క ఉంది. దాన్ని 'ఇచిజూ సన్సై' అంటారు. ఒక సూప్, మూడు కూరలు అని అర్థం. వీటితో పాటు ఒక చిన్న గిన్నెలో అన్నం, కాస్త ఊరబెట్టిన కూరగాయ ఉంటాయి. మూడు కూరల్లో ఒకటి పెద్దది. అంటే చేపో, మాంసమో, గుడ్డో, టోఫూనో. మిగతా రెండూ చిన్నవి. ఉడికించిన ఆకుకూర, ముల్లంగి, గుమ్మడి, తామర దుంప లాంటివి. 2013లో యునెస్కో జపాన్ సంప్రదాయ భోజన పద్ధతిని సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ గుర్తింపు ఏదో ఒక వంటకానికి వచ్చింది కాదు, ఈ మొత్తం పద్ధతికి వచ్చింది.

ఇది చదువుతుంటే మీకు మన పళ్లెం గుర్తొచ్చే ఉంటుంది. పప్పు, కూర, చారు, పచ్చడి, పెరుగు. అమరిక ఇంచుమించు ఒకటే. తేడా కొలతల్లో ఉంది. మన పళ్లెంలో అన్నం కొండలా ఉంటుంది, కూర దాని పక్కన నంచుకోవడానికి ఉంటుంది. వాళ్ల అన్నం గిన్నె మన పిల్లల అరచేతిలో పడుతుంది. కూరలన్నీ వేరువేరు చిన్న గిన్నెల్లో ఉంటాయి. ఏది ఎంత తిన్నామో, ఏది వదిలేశామో కంటికి కనిపిస్తుంది. అన్నీ కలిపేసిన ముద్దలో అది కనిపించదు.

కొత్త బియ్యం, పాత బియ్యం

జపాన్‌లో మేం మొదట గమనించిన వింత బియ్యం దగ్గరే. మనం కొట్టుకెళ్లి "పాత బియ్యమేనా?" అని అడిగి మరీ కొంటాం. పాతబడితే అన్నం పొడిపొడిగా వస్తుందని రెండు రూపాయలు ఎక్కువైనా పెడతాం. వాళ్లు శరదృతువులో కోతలయ్యాక వచ్చే కొత్త బియ్యం కోసం ఎదురుచూస్తారు. సంచి మీద 'కొత్త బియ్యం' అని అచ్చువేసి అమ్ముతారు. మెత్తగా, మెరుస్తూ, ఒకదానికొకటి అతుక్కునే మెతుకే వాళ్లకు మంచి మెతుకు.

కారణం బియ్యం రకంలో ఉంది. వాళ్లది జపోనికా, మనది ఎక్కువగా ఇండికా. బియ్యపు పిండిలో అమైలోజ్ అనే భాగం ఎక్కువుంటే మెతుకు విడివడుతుంది, తక్కువుంటే అతుక్కుంటుంది. జపోనికాలో అది తక్కువ. పుల్లలతో అన్నం తినగలగడానికి ఈ జిగురే ఆధారం.

అయితే ఈ రెండు బియ్యాలకూ ఒక చుట్టరికం ఉంది. మన బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి 1986లో విడుదలైన బీపీటీ 5204, అదే సాంబ మసూరి, మనలో చాలామంది ఇళ్లలో రోజూ వండే బియ్యం. దాని పుట్టుకలో మసూరి అనే రకం ఉంది. ఆ మసూరిని మలేషియాలో తయారు చేశారు. ఇండికా, జపోనికా వరి రకాలను కలిపే ప్రయత్నాల్లో భాగంగా, తైచుంగ్ 65 అనే జపోనికా రకాన్ని అక్కడి స్థానిక రకంతో సంకరపరిచారు. అంటే మన కంచంలోని సన్న బియ్యానికి ఒక తాత జపోనికా! ఇది మీ పిల్లలకు చెప్పి చూడండి. సైన్స్ పాఠంలోని 'సంకరజాతి' అనే మాట అన్నం పళ్లెంలో కనిపిస్తే మర్చిపోరు.

ఆ రుచి ఎక్కడి నుంచి వస్తుంది?

జపాన్ వంటలో తాలింపు లేదు. నూనె తక్కువ, కారం దాదాపు లేదు. అయినా సూప్ నోట్లో పెట్టుకుంటే నిండుగా ఉంటుంది. దానికి కారణం 'దాషి' అనే రసం. కొంబు అనే ఎండిన సముద్రపు నాచును, ఉడికించి పొగబెట్టి ఎండబెట్టిన బొనీటో చేప తురుమును నీళ్లలో వేసి తీసే సారం అది. మనకు పోపు ఎలాగో వాళ్లకు దాషి అలాగ. దాదాపు ప్రతి వంటకూ మొదలు అదే.

1908లో టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రవేత్త కికునే ఇకెదా కొంబు సారంలోని రుచికి కారణం గ్లుటామిక్ ఆమ్లం అని కనుక్కున్నారు. తీపి, పులుపు, ఉప్పు, చేదులతో సరిపోలని ఆ రుచికి 'ఉమామి' అని పేరు పెట్టారు. ఆ మరుసటి ఏడాదే దాన్ని పొడిగా చేసి అజినమోటో అనే పేరుతో అమ్మడం మొదలైంది. అదే గ్లుటమేట్ బాగా పండిన టమాటాలోనూ సహజంగా ఉంటుంది. టమాటా చారు మరిగిన కొద్దీ రుచి ఎందుకు దిగుతుందో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

శాకాహార కుటుంబాలు గమనించాల్సింది

ఈ దాషి వల్లే శాకాహారులకు జపాన్‌లో కష్టం. మా ఆవిడ మొదటి నెలలో ఒక హోటల్‌లో కూరగాయల ఉడోన్ నూడుల్స్ చూపించి "మాంసం లేదు కదా?" అని అడిగితే లేదన్నారు. నిజమే, ముక్కలేమీ లేవు. కానీ రసం చేపది. వాళ్ల దృష్టిలో దాషి అంటే నీళ్లలాంటిది. దాన్ని మాంసాహారంగా లెక్కపెట్టరు. అప్పటి నుంచి తను ప్రశ్న మార్చింది. "ఇందులో చేప దాషి ఉందా?" అని అడిగేది. హైదరాబాద్‌లో, విజయవాడలో, విశాఖలో రెస్టారెంట్‌కు వెళ్లినా ఈ ప్రశ్నే అడగండి. "వెజ్ కదా?" అని అడిగితే చాలదు.

చేప కనిపించకుండా ఉండే అవకాశమున్న చోట్లు ఇవి:

• మిసో సూప్, ఉడోన్, సోబా నూడుల్స్ రసం
• తెంపురాలో ముంచుకోవడానికి ఇచ్చే పల్చని సాస్
• వేయించిన టోఫూ మీద పోసే రసం, పైన చల్లే తురుము
• పుల్లన్నం కూరిన టోఫూ సంచులు, అంటే ఇనారి సుషి. ఆ సంచుల్ని చాలాసార్లు దాషిలోనే ఉడికిస్తారు

దోసకాయ పెట్టి చుట్టిన సుషి, ఉప్పు వేసి ఉడికించిన పచ్చి సోయా కాయలు, ఉత్త అన్నం, నువ్వులతో కలిపిన ఆకుకూర లాంటివి సాధారణంగా ఇబ్బంది పెట్టవు. అయినా ఒకసారి అడగడం మంచిది.

జపాన్‌లో శాకాహారం అసలే లేదనుకోకండి. బౌద్ధ ఆలయాల్లో 'షోజిన్ ర్యోరి' అనే వంట వందల ఏళ్లుగా ఉంది. మాంసం, చేప ఉండవు. ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. కార్తీక మాసంలో మన ఇళ్లలో వండినట్టే. అక్కడ దాషిని కొంబుతో, ఎండు షీటాకే పుట్టగొడుగులతో తీస్తారు. వకయామా ప్రాంతంలో కోయాసాన్ అనే కొండ మీద ఆలయాల్లో రాత్రి బస చేస్తే ఈ భోజనమే పెడతారు. నువ్వులతో చేసే టోఫూ అక్కడ ప్రత్యేకం. మా ఆవిడ జపాన్‌లో ఎవరినీ ఏమీ అడగకుండా తిన్న భోజనం అదే.

బడిలో మధ్యాహ్న భోజనం

మాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పింది హోటళ్లు కాదు, మా పాప బడి.

జపాన్‌లో బడి భోజనం 1889లో యమగాత ప్రాంతంలోని త్సురువోకా పట్టణంలో మొదలైంది. ఒక ఆలయంలో నడిచే బడికి పేద పిల్లలు వచ్చేవారు. వాళ్లకు అన్నం ముద్దలు, ఉప్పు చేప, ఊరబెట్టిన కూరగాయలు పెట్టారు. యుద్ధం తర్వాత 1954లో బడి భోజనానికి ప్రత్యేక చట్టం వచ్చింది. 2005లో పిల్లలకు ఆహారం గురించి చదువు చెప్పాలనే చట్టం కూడా చేశారు. బడుల్లో పోషకాహార ఉపాధ్యాయులు అనే ఉద్యోగమూ ఆ ఏడాదే మొదలైంది. వంట, సిబ్బంది ఖర్చు స్థానిక ప్రభుత్వం భరిస్తుంది. సరుకుల ఖర్చును తల్లిదండ్రుల నుంచి తీసుకునే పద్ధతి ఉండేది. ఇప్పుడు చాలా ఊళ్లలో అదీ తీసేశారు.

ప్రతి నెలా చివర్లో వచ్చే నెల మెనూ ఇంటికొచ్చేది. ఏ రోజు ఏ వంట, అందులో ఏ సరుకులు అనేది అంతా మూడు రంగుల్లో విడదీసి ఉండేది. ఒళ్లు పెంచేవి ఎరుపు. అంటే పాలు, చేప, గుడ్డు, సోయా. శక్తినిచ్చేవి పసుపు. అంటే అన్నం, రొట్టె, నూనె, దుంపలు. ఒంటిని సరిగా ఉంచేవి ఆకుపచ్చ. అంటే కూరగాయలు, పండ్లు, పుట్టగొడుగులు. మేం గొడ్డు మాంసం, పంది మాంసం ఉన్న రోజులకు గుర్తు పెట్టుకుని ఆ రోజు ఇంటి నుంచి బాక్స్ పంపేవాళ్లం. మిగతా రోజులన్నీ పాప అందరితో పాటే తినేది.

అక్కడ డైనింగ్ హాల్ లేదు. తరగతి గదిలోనే బల్లలు దగ్గరికి జరుపుకుంటారు. ఆ వారం వంతు వచ్చిన పిల్లలు తెల్ల కోటు, టోపీ, మాస్క్ వేసుకుని వంటగది నుంచి గిన్నెలు మోసుకొచ్చి మిగతావాళ్లకు వడ్డిస్తారు. టీచర్ కూడా అదే తిండి, అదే గదిలో తింటారు. పిల్లలు తినడానికి ముందే ప్రధానోపాధ్యాయుడు ఆ భోజనం తిని చూడాలనే నియమం ఉంది. వంతు పూర్తయిన శుక్రవారం ఆ తెల్ల కోటు ఇంటికొచ్చేది. ఉతికి, ఇస్త్రీ చేసి సోమవారం పంపాలి. తర్వాతి వారం ఇంకొకరి బిడ్డ అది వేసుకుంటుంది కాబట్టి బొత్తాం ఊడితే కుట్టి మరీ పంపేవాళ్లం.

మాకు నచ్చిన పద్ధతి ఒకటుంది. వడ్డన అయ్యాక, తినడం మొదలుపెట్టే ముందు టీచర్ కాస్త సమయం ఇచ్చేవారు. ఎక్కువ అనుకున్నవాళ్లు లేచి వెళ్లి తమ గిన్నెలోంచి కొంత వెనక్కి పెట్టేయవచ్చు. కారణం చెప్పక్కర్లేదు. పూర్తిగా తీసేయడం మాత్రం కుదరదు, ఒక్క ముక్కైనా ఉంచుకోవాలి. ఆ తర్వాత పళ్లెంలో ఉన్నది తినేయాలి. మిగిలినదాన్ని ఇంకా కావాల్సినవాళ్లు పంచుకుంటారు. పోటీ ఎక్కువైతే రాయి-కాగితం-కత్తెర ఆడి తేల్చుకుంటారు.

మా పాపకు మొదట్లో క్యాప్సికం అంటే పడదు. జపాన్ పిల్లలకూ పడదు. రోజూ ఒక ముక్క ఉంచుకుని మిగతావి వెనక్కి పెట్టేది. మేం ఇంట్లో ఏమీ అనలేదు, బడిలో టీచరూ ఏమీ అనలేదు. మూడో తరగతికి వచ్చేసరికి వెనక్కి పెట్టడం ఎప్పుడు మానేసిందో మాకూ తెలియదు, దానికీ గుర్తులేదు.

అక్కడంతా బంగారమేనని నేను చెప్పను. పూర్తిగా తినేదాకా బల్ల దగ్గరే కూర్చోబెట్టిన రోజులను అక్కడి పెద్దవాళ్లు ఇప్పటికీ బాధగా చెప్పుకుంటారు. భోజనానికి ఇచ్చే సమయం తక్కువని ఫిర్యాదు చేసే తల్లిదండ్రులూ ఉన్నారు. కానీ ఆ చిన్న సూత్రం మాత్రం మాతో పాటు విమానం ఎక్కి వచ్చింది. ఏం వండాలో పెద్దలు నిర్ణయిస్తారు. ఎంత తినాలో పిల్లలు నిర్ణయిస్తారు.

మన ఇంట్లో ఇది ఎందుకు కష్టం?

హైదరాబాద్ తిరిగొచ్చిన మొదటి వారంలోనే దీనికి పరీక్ష ఎదురైంది. మా అమ్మ కాకరకాయ వేపుడు చేసింది. పాప పళ్లెంలోంచి చాలా వరకు గిన్నెలోకి తీసేసి, మూడు చక్రాలు ఉంచుకుంది. మా అమ్మ చిన్నబుచ్చుకుంది. "నేను చేసింది నచ్చలేదా తల్లీ?" అని ఇంకో గరిటె వేయబోయింది.

మన దగ్గర కొసరి కొసరి వడ్డించడం ప్రేమ. వద్దన్నా వేయడం మర్యాద. ఆ ప్రేమను తప్పుపట్టలేం. కానీ పదేళ్ల బిడ్డకు కడుపు నిండిందో లేదో చెప్పే అధికారం కూడా అక్కడే పోతోంది. మరికొన్ని ఇళ్లలో ఫోన్ ముందు కూర్చోబెట్టి ముద్దలు పెడతాం. బిడ్డకు నోట్లోకి ఏం వెళ్తోందో తెలియదు. అదే బిడ్డ స్కూల్లో బాక్స్ మూత తీసి ఒంటరిగా తినాల్సి వచ్చినప్పుడు సగం అలాగే వెనక్కి తెస్తుంది. ఇంట్లో ఎవరో ఒకరు నిర్ణయిస్తూ వచ్చిన పనిని అక్కడ దానంతట అది చేయాలి మరి.

మేం అమ్మకు ఒకటే చెప్పాం. మొదట వడ్డించేది నువ్వే, రెండోసారి మాత్రం అది అడిగితేనే. రెండు నెలలు పట్టింది. ఇప్పుడు అమ్మే పాపను అడుగుతుంది, "ఎన్ని చక్రాలు వేయమంటావే?" అని. ఒకావినావాలో కాకరకాయను టోఫూ, గుడ్డుతో కలిపి వేయించి తింటారని పాప చెబితే, "మనకు గుడ్డుతో పనేముంది, ఉల్లికారం ఉండగా" అని కొట్టిపారేసింది. మా ఇంట్లో కాకరకాయ విషయంలో జపాన్ ఓడిపోయింది.

మన కూర జపాన్‌కు వెళ్లిన కథ

జపాన్ పిల్లలకు బడి భోజనంలో బాగా ఇష్టమైన వాటిలో కర్రీ రైస్ ఒకటి. ఇది మొదట 19వ శతాబ్దంలో బ్రిటిష్ వాళ్ల ద్వారా జపాన్ చేరింది. గోధుమపిండితో చిక్కగా, కాస్త తియ్యగా ఉంటుంది. అసలైన భారతీయ పద్ధతిలో కూరను అక్కడికి చేర్చిన మనిషి మాత్రం ఒక స్వాతంత్ర్య సమరయోధుడు. బ్రిటిష్ ప్రభుత్వం నుంచి తప్పించుకుని జపాన్ చేరిన రాస్ బిహారీ బోస్‌కు టోక్యోలోని నకమురయా అనే రొట్టెల దుకాణం యజమానులు ఆశ్రయమిచ్చారు. ఆ ఇంటి అమ్మాయినే ఆయన పెళ్లి చేసుకున్నారు. 1927లో ఆ దుకాణం భోజనశాల తెరిచినప్పుడు ఆయన చెప్పిన పద్ధతిలో భారతీయ కూర వడ్డించారు. నకమురయా ఇప్పటికీ ఆ కూర అమ్ముతోంది.

ఇక్కడ సూపర్ మార్కెట్లలో దొరికే జపాన్ కర్రీ దిమ్మలు కొనేటప్పుడు ప్యాకెట్ వెనక చదవండి. వాటిలో చాలావాటికి గోధుమ ఉంటుంది. కొన్నిటిలో జంతువుల కొవ్వు కూడా ఉంటుంది.

రెస్టారెంట్‌కు తీసుకెళ్లే ముందు

పచ్చి చేప: సముద్రపు చేపల్లో అనిసాకిస్ అనే పురుగు ఉండవచ్చు. వెనిగర్, సోయా సాస్, వాసాబి దాన్ని చంపవు. బాగా ఉడికించాలి, లేదా మైనస్ 20 డిగ్రీల దగ్గర 24 గంటలకు పైగా గడ్డకట్టించాలి. అందువల్ల మన మార్కెట్ చేపతో ఇంట్లో పచ్చి సుషి ప్రయత్నించవద్దు. చిన్నపిల్లలకు, గర్భిణులకు వండినవే మంచివి. సుషి అంటే పచ్చి చేప అని కాదు, పులుపు కలిపిన అన్నం అని. దోసకాయ, గుడ్డు, వండిన రొయ్యతోనూ సుషి ఉంటుంది.

రామెన్: రుచిగానే ఉంటుంది, కానీ ఉప్పు చాలా ఎక్కువ. పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల ఉప్పు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఒక గిన్నె రామెన్‌ను రసంతో సహా తాగేస్తే ఇంచుమించు అంతా అందులోనే అయిపోతుంది. పిల్లలకైతే నూడుల్స్, కూరగాయలు తిని రసం వదిలేయమని చెప్పండి. 1958లో మొమొఫుకు అందో మొదలుపెట్టిన ఇన్‌స్టంట్ నూడుల్స్‌కూ ఇదే మాట. మసాలా పొట్లం సగమే వేయండి.

మిరిన్: వంటలో వాడే ఈ తియ్యని ద్రవంలో ఆల్కహాల్ ఉంటుంది. మీ ఇంటి పద్ధతికి సరిపడకపోతే ముందే అడగండి.

అలర్జీ: సోయా సాస్‌లో సాధారణంగా గోధుమ ఉంటుంది. సోబా నూడుల్స్ చేసే కుట్టు ధాన్యం కొందరికి తీవ్రమైన అలర్జీ తెస్తుంది. జపాన్‌లో దాని పేరు ప్యాకెట్ మీద తప్పనిసరిగా రాయాలి.

మోచి: జిగురు బియ్యపు ముద్ద. చిన్నపిల్లలకు, పెద్దవయసు వాళ్లకు గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది. చిన్న ముక్కలు చేసి, పక్కనే ఉండి తినిపించండి.

నత్తో: పులియబెట్టిన సోయా గింజలు. విటమిన్ కె ఎక్కువ. ఇంట్లో తాతగారో అమ్మమ్మగారో వార్ఫరిన్ మందు వాడుతుంటే ఇవ్వకండి.

ఇంట్లో చేసి చూడటానికి రెండు

ఒనిగిరి: ఇక్కడ కొత్త బియ్యమే మేలు. కాస్త నీళ్లు ఎక్కువ పోసి మెత్తగా వండండి. గోరువెచ్చగా ఉన్నప్పుడే చేతులు తడిచేసుకుని, చిటికెడు ఉప్పు అరచేతులకు రాసుకుని, మధ్యలో కొంచెం కూర పెట్టి ముక్కోణంగా నొక్కండి. జపాన్ వాళ్లు లోపల ఉప్పులో ఊరిన పుల్లని ఉమె కాయ పెడతారు. మా ఇంట్లో గింజ తీసిన ఉసిరికాయ పచ్చడి పెడతాం. ముద్ద నొక్కడం పిల్లల పని. తమ చేత్తో చేసిన ముద్దను వాళ్లు వదిలేయరు.

నువ్వుల పాలకూర: ఒక కట్ట పాలకూరను మరిగే నీళ్లలో ఒక నిమిషం ఉంచి, చల్లటి నీళ్లలో వేసి గట్టిగా పిండి కోయండి. 2 పెద్ద చెంచాల నువ్వులు దోరగా వేయించి పలుకుగా దంచండి. అందులో 2 చిన్న చెంచాల సోయా సాస్, 1 చిన్న చెంచా చక్కెర వేసి ఆకుకూరతో కలపండి. పొయ్యి దగ్గర పని 10 నిమిషాలే.

బాక్స్‌లో పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త. అన్నం వేడిగా ఉండగా మూత పెడితే ఆవిరి నీరై త్వరగా పాడవుతుంది. పూర్తిగా చల్లారాకే మూయండి. మన ఎండల్లో పొద్దున కట్టిన ఒనిగిరి లంచ్ పీరియడ్‌కే సరి, సాయంత్రం స్నాక్స్‌కు ఉంచవద్దు.

పిల్లలకు చెప్పాల్సిన మర్యాదలు

అన్నంలో పుల్లలు నిలువుగా గుచ్చకూడదు. చనిపోయినవాళ్లకు అన్నం పెట్టేటప్పుడు అలా గుచ్చుతారు. ఒకరి పుల్లల నుంచి ఇంకొకరి పుల్లల్లోకి తిండి అందించకూడదు. దహనం తర్వాత అస్థికలను అలా అందుకుంటారు. ఎడమ చేత్తో ఇవ్వద్దని మనం చెప్పినట్టే ఇవీ. సుషి, ఒనిగిరి చేత్తో తినవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. నూడుల్స్‌ను జుర్రున లాగినా తప్పులేదు. పిల్లలకు ఈ ఒక్క నియమం చాలు, జపాన్ నచ్చేస్తుంది!

తినేముందు అందరూ చేతులు జోడించి 'ఇతదకిమస్' అంటారు. వినయంగా స్వీకరిస్తున్నాను అని అర్థం. తిన్నాక 'గొచిసోసమ' అని వండినవాళ్లకు కృతజ్ఞత చెబుతారు. మన పెద్దలు విస్తరి ముందు నుంచి లేస్తూ "అన్నదాతా సుఖీభవ" అనడం మీరు వినే ఉంటారు.

ఈ నెల ఒక వారం ప్రయత్నించండి

జపాన్ సరుకులేవీ కొనక్కర్లేదు. మీ ఇంట్లో వండే పప్పు, కూర, చారే చాలు.

1. కూరలు చిన్న గిన్నెల్లో వేరువేరుగా పెట్టండి. అన్నం మొదట తక్కువ పెట్టండి.
2. తినడం మొదలుపెట్టే ముందు "ఏదైనా తగ్గించమంటావా?" అని అడగండి. ఒక్క ముక్క మాత్రం ఉంచమనండి.
3. వారంలో రెండు రోజులు వడ్డించే పని పిల్లలకు ఇవ్వండి. తాతయ్య, నాయనమ్మలకు కూడా వాళ్లే వడ్డించాలి.
4. బాక్స్‌లో ఎంత పెట్టాలో ముందు రాత్రి పిల్లల్నే అడగండి. వెనక్కి వచ్చిన బాక్స్ చూసి తిట్టకండి. ఎంత మిగిలిందో మాత్రం ఒక కాగితం మీద రాసుకోండి.

వారం చివర ఆ కాగితం పిల్లలతో కలిసి చూడండి. ఏది మళ్లీమళ్లీ మిగిలిందో, ఏది ఖాళీ అయిందో అందులోనే తెలుస్తుంది. వచ్చే పేరెంట్-టీచర్ మీటింగ్‌కు దాన్ని వెంట తెచ్చి క్లాస్ టీచర్‌కు చూపించండి. లంచ్ పీరియడ్‌లో పిల్లల పక్కన ఉండేది వాళ్లే కాబట్టి, మీకు తెలియని మిగతా సగం సంగతి వాళ్లు చెప్పగలరు.